మానని పుండు, మొద్దుబారిన పాదం: మధుమేహంపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మధుమేహం ఉన్నవారి చర్మానికి, పుండ్లకు సంబంధించినవే ఎక్కువ. ఏ ఆయింట్‌మెంట్ రాయాలన్న ప్రశ్న వాటిలో చాలావాటికి చివర ఉంది. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, కొన్నిటిని కుదించి సమాధానాలిస్తున్నాను. అడిగినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్ళు. పదిహేనేళ్ళుగా షుగర్ ఉంది. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఆనెకాయ ఉండేది. ఆ చోటే పుండు పడి రెండు నెలలైంది. నొప్పి లేదంటారు, అందుకని నడక మానలేదు. రోజూ డ్రెస్సింగ్ చేయిస్తున్నాం. రెండు కోర్సులు యాంటీబయాటిక్ కూడా వాడాం. ఈ మధ్య షుగర్ అదుపులోనే ఉంది. అయినా పుండు మానడం లేదు. ఇంతకన్నా మంచి ఆయింట్‌మెంట్ ఏదైనా ఉందా?

సమాధానం: నొప్పి లేకపోవడం మీకు ఊరటగా అనిపించి ఉండవచ్చు గానీ, మీరు రాసిన వివరాల్లో నేను ఎక్కువగా ఆందోళన చెందింది ఆ ఒక్క మాటకే. అరికాలిలో రెండు నెలల పుండు పెట్టుకుని ఆ కాలి మీదే బరువు వేసి నడవగలుగుతున్నారంటే, ఆ పాదంలోని నరాలు స్పర్శను, నొప్పిని మోసే పని చాలావరకు మానేశాయని అర్థం. పుండు ఎందుకు మానడం లేదన్న ప్రశ్నకు జవాబు అక్కడినుంచే వెతకాలి.

మామూలుగా గాయం ఎలా మానుతుందో ముందు చూద్దాం. చర్మం తెగిన కొద్ది నిమిషాల్లోనే ప్లేట్‌లెట్లు గుమిగూడి రక్తస్రావాన్ని ఆపుతాయి. ఒకటి రెండు రోజుల్లో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు చేరి సూక్ష్మజీవులను మింగివేస్తాయి. వాటి వెనుక వచ్చే మ్యాక్రోఫేజ్ కణాలు చనిపోయిన కణజాలాన్ని తొలగించి, ఆ పని ముగిశాక తమ తీరు మార్చుకుని, మరమ్మతు మొదలుపెట్టమని చుట్టుపక్కల కణాలకు రసాయన సంకేతాలు పంపుతాయి. అప్పుడు కొత్త కేశనాళికలు మొలుస్తాయి, ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులను అల్లుతాయి, అంచుల నుంచి పైచర్మం మెల్లగా పాకి గాయాన్ని కప్పుతుంది. ఆ తర్వాత నెలల తరబడి మచ్చ గట్టిపడుతూనే ఉంటుంది గానీ, అసలు చర్మానికి ఉండే బలంలో దాదాపు 80 శాతం దగ్గర ఆగిపోతుంది.

మధుమేహం వీటిలో దాదాపు ప్రతి దశనూ దెబ్బతీస్తుంది. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువగా ఉన్నప్పుడు న్యూట్రోఫిల్ కణాలు గాయం దగ్గరికి చేరడంలోనూ, చేరాక సూక్ష్మజీవులను చంపడంలోనూ మందకొడిగా మారతాయి. మ్యాక్రోఫేజ్ కణాలు శుభ్రపరిచే దశలోనే నిలిచిపోయి మరమ్మతు దశకు మళ్ళవు. అలా వారాల తరబడి సాగే వాపులో విడుదలయ్యే ఎంజైములు, కొత్తగా అల్లుకుంటున్న కొల్లాజెన్‌ను అల్లుకున్నంత వేగంగానూ తెంపివేస్తుంటాయి. ఏళ్ళ తరబడి అధికంగా ఉన్న గ్లూకోజ్ ప్రోటీన్లకు అతుక్కుని వాటిని బిరుసెక్కిస్తుంది. మోకాలి కింది ధమనుల్లో కొవ్వు, సున్నం పేరుకుని పాదానికి చేరే రక్తం తగ్గుతుంది.

ఇక నరాల సంగతి. దెబ్బ తగిలినట్టు తెలియకపోవడం ఒక్కటే ఇక్కడి సమస్య కాదు. పాదంలోని చిన్న కండరాలను నడిపే నరాలు దెబ్బతినడం వల్ల వేళ్ళు పక్షి గోళ్ళలా వంకరపోయి, వేళ్ళ మొదళ్ళలోని ఎముకలు అరికాలి వైపు పొడుచుకు వస్తాయి. చెమట గ్రంథులకు వెళ్ళే నరాలు దెబ్బతినడం వల్ల చర్మం ఎండి పగుళ్ళు తీస్తుంది. ఎముక పొడుచుకు వచ్చిన చోట నడిచినకొద్దీ చర్మం మందమెక్కి ఆనెకాయ అవుతుంది, ఆ ఆనెకాయ చెప్పులో పడ్డ గులకరాయిలాగా లోపలి కండను నొక్కుతుంది. చాలాసార్లు పుండు ముందు ఆనెకాయ అడుగున తయారై, ఆ తర్వాతే పైకి కనిపిస్తుంది. మీ నాన్నగారి విషయంలో జరిగింది బహుశా ఇదే.

ఇది అర్థమైతే, డ్రెస్సింగ్ ఎంత శ్రద్ధగా చేసినా ఫలితం ఎందుకు లేదో తెలుస్తుంది. డ్రెస్సింగ్ గదిలోంచి ఆయన బయటకు నడిచి వచ్చే ప్రతి అడుగూ ఆ రోజు పుట్టిన కొత్త కండను నలిపివేస్తోంది. 1940ల చివర్లో వెల్లూరులో కుష్ఠు రోగులకు శస్త్రచికిత్సలు చేసిన పాల్ బ్రాండ్ అనే వైద్యుడు ఈ విషయాన్ని కుష్ఠు రోగుల పాదాల్లో గమనించాడు. ఆ పాదాలు వ్యాధి వల్ల వాటంతటవే కుళ్ళడం లేదని, నొప్పి తెలియని చోట పదే పదే పడే ఒత్తిడే వాటిని పాడుచేస్తోందని, ఒత్తిడి తప్పిస్తే అవే పుండ్లు మానుతున్నాయని ఆయన చూపించాడు. 1960లలో అమెరికా వెళ్ళాక ఆయన, ఆయన సహచరులు ఇదే అవగాహనను మధుమేహ పాదాలకు వర్తింపజేశారు. పాదానికీ పిక్కకూ పూర్తిగా అంటిపెట్టుకునేలా వేసే టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అనే కట్టు మధుమేహ వైద్యంలో స్థిరపడింది అలాగే. అరికాలి ముందుభాగంలో నొప్పి తెలియని పుండుకు, రక్తప్రసరణ బాగుండి తీవ్రమైన ఇన్ఫెక్షన్ లేనప్పుడు, మోకాలి దాకా ఉండి రోగి తనంతట తాను విప్పుకోలేని ఇటువంటి కట్టునే నేటికీ మొదట పరిశీలిస్తారు. విప్పుకునే వీలున్న బూటు ఇస్తే చాలామంది ఇంట్లో తిరిగేటప్పుడు తీసి పక్కన పెడతారు; నొప్పి లేనివారికి అది గుర్తుచేసేది ఏముంటుంది?

కాబట్టి ఆయింట్‌మెంట్ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, మీ వైద్యుడిని ముందు ఈ విషయాలు అడగండి. పాదానికి రక్తం చాలినంత అందుతోందా? చేతితో నాడి చూడటంతో పాటు, చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చే పరీక్ష చేస్తారు. ఆ నిష్పత్తి 0.9 కన్నా తక్కువైతే ధమనులు మూసుకుపోతున్నాయని అనుమానించాలి. అయితే మధుమేహంలో ధమనుల గోడల్లో సున్నం చేరి గట్టిపడటం వల్ల ఈ నిష్పత్తి ఒక్కోసారి అబద్ధపు ధైర్యాన్నిస్తుంది, 1.3 దాటి వచ్చినప్పుడు దాన్ని నమ్మకుండా కాలివేలి రక్తపోటు చూడాలి. రక్తం అందని పాదానికి ఏ మందు రాసినా ఉపయోగం ఉండదు, అప్పుడు యాంజియోప్లాస్టీ గానీ బైపాస్ గానీ చేయవలసి రావచ్చు.

పుండు చుట్టూ ఉన్న ఆనెకాయను, లోపలి చచ్చిన కండను తొలగించారా అన్నది మరొకటి. అనుభవం ఉన్నవారు చేయవలసిన పని అది, ఇంట్లో బ్లేడుతో చేసుకోకూడదు. ఎముకకు ఇన్ఫెక్షన్ సోకిందేమో కూడా చూడాలి. మొండి మొన గల సన్నని లోహపు సలాకతో పుండు అడుగును తాకినప్పుడు ఎముక గట్టిగా తగిలితే అనుమానం బలపడుతుంది. ఎక్స్‌రే మొదటి రెండు మూడు వారాల్లో మామూలుగానే కనిపించవచ్చు కనుక, అవసరమైతే మళ్ళీ తీయించాలి లేదా ఎంఆర్‌ఐ చేయించాలి.

యాంటీబయాటిక్ సంగతి స్పష్టంగా చెప్పాలి. అది ఇన్ఫెక్షన్‌ను తగ్గిస్తుందే గానీ పుండును మాన్పదు. ఎర్రదనం, వేడి, వాపు, నొప్పి, చీము వంటి లక్షణాల్లో కనీసం రెండు లేనప్పుడు, పుండు ఉందన్న ఒక్క కారణంతో యాంటీబయాటిక్ మింగించడం వల్ల మందుకు లొంగని సూక్ష్మజీవులు తయారవడం తప్ప ప్రయోజనం లేదు. పుండు పొడవు వెడల్పులను వారానికోసారి కొలిపించి రాసిపెట్టుకోండి. సరైన చికిత్స మొదలైన నాలుగు వారాలకు విస్తీర్ణం సగానికైనా తగ్గకపోతే, అదే చికిత్సను మరో రెండు నెలలు కొనసాగించడం కాకుండా మొదటినుంచి మళ్ళీ కారణాలు వెతకాలి.

షుగర్ అదుపులో ఉందన్నారు. అది ఇన్ఫెక్షన్‌తో పోరాడటానికి తప్పక తోడ్పడుతుంది. అయితే ఈ మధ్య వచ్చిన అదుపు పదిహేనేళ్ళలో నరాలకు జరిగిన నష్టాన్ని వెనక్కి తేలేదు. ఆ నష్టాన్ని ముందే ఆపడంలో దానికి ఎంత శక్తి ఉందో 1993లో వెలువడిన డీసీసీటీ అనే మధుమేహ అధ్యయనం చూపింది. టైప్ 1 మధుమేహం ఉన్నవారిలో షుగర్‌ను గట్టిగా అదుపు చేసినప్పుడు నరాల జబ్బు 60 శాతం తగ్గింది. పుండు మానేదాకా కొన్ని వారాలు ఇన్సులిన్ వాడదామని వైద్యుడు అంటే, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలదన్న భయంతో మీ నాన్నగారిని వెనక్కి లాగకండి. టైప్ 2 మధుమేహంలో అవసరం తీరాక చాలామంది తిరిగి మాత్రలకు మారతారు.

పుండు చుట్టూ ఎర్రదనం రెండు సెంటీమీటర్లు దాటి పాకినా, వేలు నల్లబడినా, దుర్వాసన వచ్చినా, చలిజ్వరం వచ్చినా, కారణం లేకుండా షుగర్ ఒక్కసారిగా పెరిగినా మరుసటి రోజు దాకా ఆగవద్దు. మధుమేహం వల్ల కాలు తీసివేయవలసి వచ్చినవారిలో సుమారు 85 శాతం మందిలో కథ మొదలైంది ఒక పుండుతోనే. పుండు మానిన తర్వాత కూడా ఏడాది లోపల దాదాపు 40 శాతం మందికి అది తిరగబెడుతుంది. ఎముక పొడుచుకు వచ్చిన చోటు, నొప్పి తెలియకపోవడం అలాగే ఉంటాయి కదా. అందుకే ఒత్తిడిని పంచే పాదరక్షలు చేయించుకోవడం, ఆనెకాయను ఎప్పటికప్పుడు తీయించుకోవడం చికిత్సలో భాగమే.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది. చిన్న దెబ్బ తగిలినా వెంటనే స్పిరిట్‌తో గానీ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో గానీ కడిగి, పౌడర్ చల్లి, గాలి తగిలేలా తెరిచి ఉంచుతాను. పక్కు కడితే మానినట్టే అనుకుంటాను. ఈ మధ్య పక్కు కింద చీము పడుతోంది. నా పద్ధతిలో లోపం ఏమిటి?

సమాధానం: దాదాపు ప్రతి అడుగులోనూ లోపం ఉంది. ఇది ఎంతో మంది పాటించే పద్ధతే కనుక నొచ్చుకోవద్దు. స్పిరిట్, పెరాక్సైడ్ సూక్ష్మజీవులతో పాటు గాయాన్ని పూడ్చడానికి వచ్చిన కణాలనూ చంపుతాయి. పెరాక్సైడ్ బుసబుస పొంగడం చూసి మురికి పోతోందనుకుంటాం గానీ, ఆ నురుగు రక్తంలోను, కణాల్లోను ఉన్న ఒక ఎంజైము వల్ల వచ్చే ఆక్సిజన్ మాత్రమే. పౌడర్ గాయపు స్రావంతో కలిసి గట్టిపడి, దాని అడుగున చీము దాక్కోవడానికి చోటిస్తుంది.

గాలి తగిలి ఎండితేనే గాయం మానుతుందన్న నమ్మకాన్ని 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చేసిన ప్రయోగం ప్రశ్నించింది. తేమ నిలిచేలా పలుచని పొరతో కప్పిన గాయాలను, తెరిచి ఉంచిన గాయాలతో పోలిస్తే, కప్పిన వాటి మీద పైచర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. ఎండిన పక్కు ఉన్నచోట పైచర్మపు కణాలు దాని అడుగున, తడి ఉన్న లోతులోంచి దారి చేసుకుంటూ పాకవలసి వస్తుంది. తేమ ఉంటే నేరుగా ఉపరితలం మీదే జారుకుంటూ వస్తాయి. ఆధునిక డ్రెస్సింగులన్నిటి వెనుక ఉన్న ఆలోచన ఇదే. అయితే చిత్తడిగా ఉండటం మంచిదని దీనర్థం కాదు. స్రావం ఎక్కువై అంచులు తెల్లగా నానిపోతే ఎక్కువ పీల్చుకునే డ్రెస్సింగ్‌కు మారాలి. రక్తం అందక ఎండి నల్లబడిన వేలు దీనికి మినహాయింపు. దాన్ని తడపకుండా పొడిగానే ఉంచి, ముందు రక్తప్రసరణ సంగతి చూడాలి.

చిన్న గాయాన్ని శుభ్రమైన ధారనీటితో గానీ సెలైన్‌తో గానీ కడిగి, మెల్లగా అద్ది, అంటుకోని డ్రెస్సింగ్‌తో కప్పండి. రోజూ ఒకసారి చూడండి. కాలిని నీటిలో నానబెట్టవద్దు. పాదం మీది గాయం ఎంత చిన్నదైనా, రెండు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే చూపించుకోవాలి. ఇప్పుడు పక్కు కింద చీము ఉందన్నారు కనుక ఈ ఇంటి వైద్యం సరిపోదు. దాన్ని తెరిచి శుభ్రం చేయించుకోండి.

ప్రశ్న: నాకు హెర్నియా ఆపరేషన్ చేయాలన్నారు. తొందరేమీ లేదట. హెచ్‌బిఎ1సి 9.4 ఉంది. షుగర్ తగ్గాకే చేస్తామన్నారు. నాలుగు రోజులు గట్టిగా పథ్యం చేసి షుగర్ తగ్గించుకుంటే సరిపోదా? కుట్లు మానవని అందరూ భయపెడుతున్నారు.

సమాధానం: మీ సర్జన్ చెప్పింది సబబుగానే ఉంది. హెచ్‌బిఎ1సి అంటే ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజ్ అతుక్కుందో చెప్పే కొలత. ఆ కణాల ఆయుర్దాయం సుమారు 120 రోజులు కాబట్టి అది రెండు మూడు నెలల సగటును చూపుతుంది. నాలుగు రోజుల పథ్యంతో కదిలేది కాదు. ముందుగా నిర్ణయించుకునే ఆపరేషన్లకు వీలైనంతవరకు దాన్ని 8 శాతం లోపుకు తెచ్చుకోవాలన్నది సాధారణ లక్ష్యం. 9.4 నుంచి అక్కడికి చేరడం రెండు మూడు నెలల్లో చాలామందికి సాధ్యమే. అపెండిక్స్ పగలడం, పేగు మెలిపడటం, హెర్నియా బిగుసుకుపోవడం వంటివాటికి ఈ లెక్క వర్తించదు, అప్పుడు షుగర్ ఎంత ఉన్నా ఆపరేషన్ ఆగదు, ఇన్సులిన్ ఇస్తూనే చేస్తారు.

కోత మానడానికి ఆపరేషన్ ముందూ వెనుకా ఉన్న కొద్ది రోజుల షుగర్ కూడా ముఖ్యమే. ఆ రోజుల్లో 100 నుంచి 180 మిల్లీగ్రాముల మధ్య ఉంచడానికి ప్రయత్నిస్తారు. ఆపరేషన్ ఒత్తిడికే ఒంట్లో కార్టిసోల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లు పెరిగి షుగర్‌ను ఎగదోస్తాయి కనుక, అంతకుముందు మాత్రలతో సరిపోయినవారికి కూడా అప్పుడు ఇన్సులిన్ అవసరం పడుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కోవకు చెందిన మాత్రలు వాడుతుంటే ఆ సంగతి మరచిపోకుండా చెప్పండి. షుగర్ మరీ ఎక్కువ లేకుండానే రక్తం ఆమ్లపూరితమయ్యే ప్రమాదం ఉన్నందువల్ల వాటిని ఆపరేషన్‌కు మూడు నాలుగు రోజుల ముందే ఆపిస్తారు. ఏ మందు ఆపాలో, ఏది కొనసాగించాలో మీరుగా నిర్ణయించుకోకండి.

పొగ తాగే అలవాటుంటే కనీసం నాలుగు వారాల ముందు మానేయండి. నికోటిన్ చర్మపు రక్తనాళాలను కుదిస్తుంది. షుగర్ తగ్గాలని అన్నపానీయాలు మరీ తగ్గించుకోవడం ఇంకొక పొరపాటు, కొల్లాజెన్ అల్లుకోవడానికి ప్రోటీన్ కావాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం ఎంత ప్రోటీన్ తీసుకోవాలో వైద్యుడినే అడగండి. కుట్లు మానవన్నది నిజం కాదు. షుగర్ అదుపులో ఉన్నవారికి కుట్లు బాగానే మానుతాయి, కొందరికి అవి విప్పే రోజును సర్జన్ కాస్త వెనక్కి జరుపుతారంతే.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, ముఖమల్‌లా తయారైంది. రుద్ది స్నానం చేయమని ఎంత చెప్పినా పోవడం లేదు. బరువు కూడా ఎక్కువే. మా వారికి షుగర్ ఉంది. ఇది దానికి సంబంధించిందా?

సమాధానం: ముందుగా ఆ అమ్మాయిని రుద్దమని చెప్పడం ఆపండి. అది మురికి కాదు, రుద్దితే ఇంకా నల్లబడుతుంది. దీన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఇన్సులిన్ మాటను శరీరం సరిగా వినకపోవడం వల్ల క్లోమం మరింత ఇన్సులిన్ విడుదల చేస్తుంది. ఆ అధిక ఇన్సులిన్ చర్మకణాల మీద ఉన్న ఎదుగుదల గ్రాహకాలను ప్రేరేపించడంతో మడతల్లో చర్మం మందమెక్కి నల్లబడుతుంది. ఇది అంటువ్యాధి కాదు, మధుమేహం వచ్చేసిందని తేల్చి చెప్పే గుర్తూ కాదు. రాబోయే అవకాశం ఉందని ఏళ్ళ ముందుగా చర్మం ఇస్తున్న సూచన. ఇంత తొందరగా ఇంత ఉపయోగకరమైన సమాచారాన్ని ఇచ్చే అవయవం మరొకటి లేదని నాకు అనిపిస్తుంది, దాన్ని సబ్బుతో తుడిచేయాలని చూస్తాం.

పరగడుపు షుగర్, హెచ్‌బిఎ1సి, కొవ్వుల పరీక్ష చేయించండి. పరగడుపున 126 మిల్లీగ్రాములు గానీ, హెచ్‌బిఎ1సి 6.5 శాతం గానీ ఉన్నా, దాటినా, లక్షణాలు లేనప్పుడు మరోసారి పరీక్షించి మధుమేహంగా నిర్ధారిస్తారు. నెలసరి క్రమం తప్పుతుంటే ఆ సంగతి కూడా చెప్పండి, అండాశయాల్లో నీటితిత్తుల సమస్య దీనికి తరచు తోడుగా ఉంటుంది. బరువు తగ్గినకొద్దీ నలుపు నెలల మీద పలచబడుతుంది. పైపూత క్రీములతో కొంత మెత్తబడవచ్చు గానీ మూలం అలాగే ఉంటుంది. ఇదే మార్పు పెద్దవయసులో, సన్నగా ఉన్నవారిలో, కొద్ది వారాల్లోనే అరచేతులకూ నోటికీ పాకుతూ వస్తే వెంటనే వైద్యుడికి చూపించాలి. అరుదుగా అది కడుపులోని క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు.

ప్రశ్న: మోకాలి కింద ముందుభాగంలో గోధుమరంగు మచ్చలు వస్తున్నాయి. కాళ్ళు ఎండిపోయి దురద పెడుతున్నాయి. మడమలు పగిలాయి. షుగర్ వల్లేనా?

సమాధానం: కాస్త పలచబడి, గుంటపడినట్టుండే ఆ గుండ్రని మచ్చలు బహుశా డయాబెటిక్ డెర్మోపతి అనే మార్పు. వాటికి చికిత్స అక్కరలేదు. అయితే అవి ఉన్నవారిలో కంటి, మూత్రపిండాల, నరాల సమస్యలు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి ఆ పరీక్షలు చేయించుకోండి. మధ్యలో పసుపుపచ్చగా, మెరుస్తూ, అంచు ఎర్రగా పెరిగే మచ్చ అయితే వేరే సంగతి, అది పుండుపడే అవకాశం ఉంది గనుక చర్మవైద్యుడికి చూపించాలి.

దురదకు ముఖ్య కారణం చెమట తగ్గి చర్మం ఎండిపోవడం. గోరువెచ్చని నీటితో తక్కువసేపు స్నానం చేసి, ఒళ్ళు తుడుచుకున్న వెంటనే మాయిశ్చరైజర్ రాయండి. మడమలకు 10 శాతం యూరియా ఉన్న క్రీము మంచిది. వేళ్ళ సందుల్లో మాత్రం ఏ క్రీమూ రాయవద్దు, అక్కడ తేమ నిలిస్తే ఫంగస్ పెరుగుతుంది. నీటి వేడిని పాదంతో కాకుండా మోచేతితో చూడండి. ఆనెకాయలను కరిగించే ఆమ్లపు పట్టీలు మీ కాళ్ళకు పనికిరావు. ఒళ్ళంతా దురదగా ఉంటే మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ కూడా చూడాలి.

ప్రశ్న: షుగర్‌కు కొత్త మాత్ర మార్చాక షుగర్ బాగా తగ్గింది. కానీ జననాంగం దగ్గర దురద, ఎర్రదనం, తెల్లని పూత మొదలయ్యాయి. సిగ్గుతో వైద్యుడికి చెప్పలేదు. మందుల దుకాణంలో ఇచ్చిన క్రీము రాస్తే రెండు రోజులు తగ్గి మళ్ళీ వస్తోంది.

సమాధానం: మాత్ర పేరు రాయలేదు గానీ, అది నేను పైన ప్రస్తావించిన డాపాగ్లిఫ్లోజిన్ కోవకు చెందినదై ఉండవచ్చు. ఆ మందులు గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపి షుగర్‌ను తగ్గిస్తాయి. ఆ తియ్యని మూత్రపు తడి మిగిలిన చోట క్యాండిడా అనే ఫంగస్ పెరుగుతుంది. ఇది స్త్రీపురుషులిద్దరికీ వచ్చే, అందరికీ తెలిసిన దుష్ఫలితం, వైద్యుడికి వింతేమీ కాదు. గుండెకు, మూత్రపిండాలకు ఆ మందులు చేసే మేలు చాలా ఎక్కువ కనుక మీరుగా మానేయవద్దు. మూత్రం పోసిన తర్వాత నీటితో కడిగి పొడిగా తుడుచుకోవడం, ఫంగస్ మందును పూర్తి కాలం వాడటం చాలామందికి సరిపోతుంది.

రెండు రోజులు తగ్గి మళ్ళీ వస్తోందంటే, మీకు ఇచ్చిన క్రీములో స్టెరాయిడ్ కలిసి ఉందేమో పెట్టె మీద చదవండి. స్టెరాయిడ్ ఎర్రదనాన్ని అణచి ఫంగస్‌ను పెంచుతుంది. గజ్జల్లో తామర ఏళ్ళ తరబడి వదలకపోవడానికి ఈ మిశ్రమ క్రీములే తరచు కారణమన్నది నా అభిప్రాయం. ఆ ప్రాంతంలో తీవ్రమైన నొప్పి, వాపు, జ్వరం వస్తే మాత్రం అత్యవసరంగా వెళ్ళాలి. చాలా అరుదుగా అక్కడి కండ కుళ్ళే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ వస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది.

ప్రశ్న: బొడ్డు పక్కన ఇన్సులిన్ వేసుకునే చోట మెత్తని గడ్డలు తేలాయి. అక్కడ నొప్పి తెలియదని అక్కడే వేసుకుంటున్నాను. ప్రమాదమా?

సమాధానం: ఒకే చోట పదే పదే పొడవడం వల్ల కొవ్వు పెరిగి ఏర్పడిన గడ్డలవి. వాటిలో వేసిన ఇన్సులిన్ ఒకరోజు తక్కువగా, ఒకరోజు ఎక్కువగా రక్తంలో కలవడం వల్ల షుగర్ పడుతూ లేస్తూ ఉంటుంది. ఆ చోటును కొన్ని నెలలు వదిలేసి, ప్రతిసారీ ముందటి చోటికి ఒక అంగుళం దూరంలో వేసుకోండి. సూదిని ప్రతిసారీ మార్చండి. మంచి చోటికి మారిన వెంటనే అదే మోతాదు ఎక్కువగా పనిచేసి షుగర్ పడిపోవచ్చు కనుక, వైద్యుడితో మాట్లాడి మోతాదు తగ్గించుకున్న తర్వాతే మారండి.

ప్రశ్న: మా అమ్మగారికి ఇరవై ఏళ్ళుగా షుగర్ ఉంది. పది రోజులుగా ఎడమ పాదం ఎర్రగా, వేడిగా వాచింది. పుండు లేదు, జ్వరం లేదు, నొప్పి కూడా అంతగా లేదు. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గలేదు. నడవవచ్చా?

సమాధానం: తేలేదాకా నడవకూడదు. పుండు గానీ పగులు గానీ లేకుండా, జ్వరం లేకుండా, నరాలు దెబ్బతిన్న పాదం ఇలా వాచినప్పుడు షార్కో పాదం అనే స్థితిని అనుమానించాలి. నొప్పి తెలియని పాదంలో చిన్న చిన్న దెబ్బలకు ఎముకల్లో వాపు మొదలై, అవి మెత్తబడి, ఆ మీదే నడుస్తూ ఉంటే విరిగి, కీళ్ళు పక్కకు తొలగి, చివరికి పాదపు వంపు కూలిపోతుంది. వంపు కూలిన పాదం అడుగున ఎముక పొడుచుకు వచ్చి, మొదటి ప్రశ్నలో చెప్పిన పుండే అక్కడ కూడా పడుతుంది. తొలి వారాల్లో ఎక్స్‌రే మామూలుగా ఉండటం ఈ జబ్బులో సాధారణమే. ఎంఆర్‌ఐలో మార్పులు ముందుగా కనిపిస్తాయి. రక్తం గడ్డకట్టడం, యూరిక్ ఆమ్లపు వాతం వల్ల కూడా ఇలాగే వాయవచ్చు కనుక వాటినీ వైద్యుడు చూస్తారు.

రెండు పాదాల చర్మపు ఉష్ణోగ్రతను ఒకే చోట కొలిచినప్పుడు వాచిన పాదం రెండో దానికన్నా రెండు డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి వేడిగా ఉంటే అనుమానం మరింత బలపడుతుంది. నిర్ధారణ అయ్యేదాకా ఆగకుండా, అనుమానం కలిగిన రోజే మోకాలి దాకా కదలకుండా కట్టు వేసి కాలి మీద బరువు పడకుండా చేయడమే దీనికి చికిత్స. వాపు తగ్గేకొద్దీ కట్టు వదులవుతుంది గనుక మొదట్లో తరచు మార్చాలి. రెండు పాదాల వేడి సమానమై, ఎక్స్‌రేలో ఎముకలు కుదురుకున్నాయని తేలేదాకా నెలల తరబడి కట్టు ఉంచవలసి రావచ్చు. ఆ కాలమంతా రెండో పాదం మీద ఎక్కువ భారం పడుతుంది, దాన్ని కూడా రోజూ చూస్తూ ఉండండి. ఎముకల వైద్యుడో, మధుమేహ పాదాలను చూసే అనుభవం ఉన్న సర్జనో ఎవరు దగ్గరలో ఉంటే వారి దగ్గరికి రేపే తీసుకువెళ్ళండి, అంతవరకు ఆమెను చక్రాల కుర్చీలోనే తిప్పండి.